ఘాట్ ఎక్కని పాత శాంట్రో: పంపు మార్చే ముందు కొలవాల్సినవి

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. మాది ప్రకాశం జిల్లా. 2008లో కొన్న శాంట్రో జింగ్ పెట్రోల్ కారు ఉంది. లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. ఏడాది క్రితం నుంచి యాక్సిలరేటర్ తొక్కగానే ఒక కుదుపు కుదిపి తర్వాత లాగుతోంది. నాలుగైదు నెలలుగా పుల్లింగే తగ్గిపోయింది. ఈమధ్య శ్రీశైలం వెళ్తుంటే దోర్నాల దాటాక ఘాట్ రోడ్డులో ఏసీ ఆపితే గానీ సెకండ్ గేర్‌లో కూడా ఎక్కలేదు. అరగంట ఆపితే కొంచెం నయం, మళ్లీ మామూలే. చెక్ ఇంజిన్ లైట్ ఒకటి రెండుసార్లు వచ్చి పోయింది. మైలేజ్ 16 నుంచి 12కి పడింది. పొగ లేదు, ఆయిల్ తగ్గడం లేదు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు. తేడా రాలేదు. ఒక మెకానిక్ ఫ్యూయల్ పంపు మార్చాలంటున్నాడు. ఇంకొకరు సిలిండర్లు అరిగి ఇంజిన్ బోర్‌కు వచ్చిందంటున్నారు. మా స్నేహితుడేమో అంతా పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ వల్లే అంటున్నాడు. ఆర్సీ 2028 వరకు రెన్యువల్ చేయించాను. పంపు మార్చాలా, బోర్ చేయించాలా, అమ్మేయాలా?

సమాధానం: మాస్టారూ, ప్రస్తుతానికి ఆ మూడింటిలో ఏదీ వద్దు. మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ ఒక్క గేజ్ కూడా పెట్టి చూసినట్టు మీ ఉత్తరంలో లేదు. ప్రెషర్ ఎంతుందో చూడకుండా పంపు, కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) తీయకుండా బోర్ వర్క్! పాత బండ్ల మీద జనం డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. బండి పాతదైందన్న మాట అడ్డం పెట్టుకుని పరీక్ష చేయాల్సిన పని ఎగ్గొడతారు. తేడా రాకపోతే ఇంకో పార్టు మారుస్తారు. చివరికి ఓనరే విసుగెత్తి బండిని వచ్చిన ధరకు వదిలించుకుంటాడు.

మీరు మామూలుగా రాసేసిన రెండు సంగతులు నాకు చాలా పనికొచ్చాయి. కుదుపు ముందు మొదలైంది, పుల్లింగ్ తగ్గడం కొన్ని నెలల తర్వాత వచ్చింది. ఇది మొదటిది. మైలేజ్ నాలుగో వంతు పడిపోవడం రెండోది. ఈ రెండూ కలిపి చూస్తే నా అనుమానం పంపు మీదకు అంత తొందరగా వెళ్లడం లేదు. పంపు ఒక్కటే నీరసించి ఉంటే ఇంజిన్‌కు పెట్రోల్ తక్కువ అందుతుంది, బండి లాగదు. అంతవరకు నిజమే. కానీ తాగే పెట్రోల్ ఇంత పెరగడానికి అదొక్కటే కారణమంటే లెక్క కుదరదు. మీ బండి పెట్రోల్ తాగుతోంది, తాగిందానికి తగ్గ పని చేయడం లేదు. ఆ పెట్రోల్ ఎక్కడో కాలకుండా పోతోంది, లేదా కాలినా ఆ బలం చక్రాల దాకా రావడం లేదు.

ముందు కుదుపు ఎలా ఉంటుందో గమనించండి. యాక్సిలరేటర్ తొక్కగానే ఠక్కుమని పదునుగా కొట్టి వెంటనే అందుకుంటే అది ఎక్కువగా ఇగ్నిషన్, అంటే స్పార్క్ పుట్టించే భాగాల వైపు తప్పు. మన మెకానిక్కులు మిస్సింగ్ అనేది దాన్నే. కుదుపు లేకుండా బండి మెత్తగా నీరసపడిపోయి, ఎంత తొక్కినా అంతకు మించి రానంటే ఇంధనం చాలకపోవడమో, ఎగ్జాస్ట్ (పొగ పోయే దారి) మూసుకుపోవడమో అయ్యుంటుంది. మీరు ఒక్క జబ్బు అనుకుని రాసిన ఉత్తరంలో ఈ రెండు లక్షణాలూ వేర్వేరుగా కనిపిస్తున్నాయి. ఏడాది నాటిది మొదటి రకం, ఘాట్‌లో మిమ్మల్ని ఆపేసింది రెండో రకం. మొదటిది పట్టించుకోకపోతే రెండోది దాని వెంటే రావడం పాత పెట్రోల్ కార్లలో తరచూ జరిగేదే. ఎలాగో చెబుతాను.

స్పార్క్‌కు కావలసిన ఎక్కువ వోల్టేజ్ పుట్టించే కాయిల్ నుంచి ప్లగ్గుకు కరెంట్ తీసుకెళ్లే లావు వైర్లను హెచ్‌టీ లీడ్స్ అంటారు. వాటిలో వేల వోల్టులు పారతాయి. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి వాటి రబ్బరు గట్టిపడి సన్నగా చిట్లుతుంది. బండి ఊరికే ఐడిల్‌లో ఉన్నప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి స్పార్క్ బాగానే దూకుతుంది. మీరు యాక్సిలరేటర్ తొక్కి లోడ్ ఇచ్చినప్పుడు సిలిండర్ నిండా మిశ్రమం చేరి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు ప్లగ్గు కొసల మధ్య దూకడం కష్టమై, కరెంట్ చిట్లిన రబ్బరులోంచి పక్కనున్న ఇనుముకు దూకేస్తుంది. ఆ సిలిండర్‌లో పెట్రోల్ కాలకుండానే సైలెన్సర్ వైపు వెళ్లిపోతుంది. మీకు తెలిసేది ఒక్క కుదుపే.

లోపల మాత్రం ఇంకో రెండు పనులు జరుగుతాయి. ఎగ్జాస్ట్ దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సార్ కొలిచేది ఆక్సిజన్‌నే, పెట్రోల్‌ను కాదు. కాలని సిలిండర్ నుంచి పెట్రోల్‌తో పాటు వాడని ఆక్సిజన్ కూడా వస్తుంది కదా. సెన్సార్ ఆ ఆక్సిజన్ చూసి మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని చెబుతుంది. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, అది నమ్మి ఇంకాస్త పెట్రోల్ పోస్తుంది. అంటే అసలే పెట్రోల్ వృథా అవుతున్న చోట మరింత పోయిస్తోంది. మైలేజ్ పడిపోవడానికి ఇది సరిపోయే కారణం. ఇక కాలని పెట్రోల్ అంతా పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ కాలుతుంది. కన్వర్టర్ లోపల ఉండేది సన్నని రంధ్రాల పింగాణీ దిమ్మ. అది తట్టుకోలేనంత వేడెక్కితే కరిగి, రంధ్రాలు మూసుకుపోతాయి. పొగ బయటికి పోయే దారి ఇరుకైతే కొత్త గాలి లోపలికి రాదు. పొగగొట్టం పూడిన పొయ్యిలో ఎన్ని కట్టెలు పెడితే ఏం లాభం? మీ ఘాట్ సమస్య ఇదే కావచ్చని నా అనుమానం. అనుమానం మాత్రమే, పరీక్షలో తేలాలి. కాయిల్ వేడెక్కితే నీరసించడం, పంపు వేడెక్కితే నీరసించడం కూడా ఉంటాయి. అరగంట చల్లారాక నయమైందంటే ఈ రెండిటినీ కొట్టిపారేయలేం.

పరీక్షలు మొదలుపెట్టే ముందు ఇంకో చిన్న అనుమానం తీర్చుకోండి. బలం ఇంజిన్‌లో లేదా, లేక ఇంజిన్‌లో ఉన్నా చక్రాలకు చేరడం లేదా? ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో నలభైలో వెళ్తూ ఒక్కసారి బాగా తొక్కండి. ఇంజిన్ శబ్దం గబగబా పెరిగి వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతోంది. లక్షా పది వేల కిలోమీటర్ల బండికి అది వింతేమీ కాదు. ఇంజిన్ శబ్దం కూడా పెరగకుండా మూలుగుతుంటే క్లచ్ తప్పు కాదు. అలాగే పది కిలోమీటర్లు పోయి వచ్చాక ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి, తాకకండి. ఒక చక్రం మిగతా వాటికంటే సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేక్ పట్టేసి ఉంది. సమతలం మీద న్యూట్రల్‌లో పెట్టి ఒక్కరు నెడితే బండి కదలాలి. ఇదంతా ఖర్చు లేని పని, కానీ ఎవరూ చేయరు.

ఇప్పుడు హెచ్‌టీ లీడ్స్. చీకటి పడ్డాక బానెట్ ఎత్తి ఇంజిన్ నడుస్తుండగా వైర్ల వైపు చూడండి. మొక్కలకు నీళ్లు చల్లే స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద దూరం నుంచి సన్నగా తుంపర కొట్టమనండి. రబ్బరు చిట్లి ఉంటే నీలం మెరుపు వైరు మీద పాకడం, చిటపట శబ్దం రావడం తెలుస్తుంది. ఆ సమయంలో చెయ్యి దగ్గరికి పోనివ్వకండి, ఆ షాక్ మామూలుది కాదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు దగ్గర ఉండకూడదు. తర్వాత ఇంజిన్ ఆపి, చల్లారాక, వైర్లను ఒక్కొక్కటిగా ఊడదీసి మల్టీమీటర్ పెట్టమనండి. కిలో ఓమ్‌లలో రీడింగ్ వస్తుంది. పొడుగు వైరుకు కొంచెం ఎక్కువ, పొట్టిదానికి కొంచెం తక్కువ చూపించడం సహజం. ఒక్కటి మిగతా వాటికి పొంతన లేకుండా ఎక్కువ చూపించినా, అసలు చూపించకపోయినా అది పోయినట్టే. రీడింగ్ బాగుంది కదా అని వైరు బాగుందనుకోకండి. రబ్బరు చిట్లింది మీటర్‌కు తెలియదు.

ప్లగ్గులు కొత్తవి అన్నారు కదా, వాటిని మళ్లీ తీయించి మీ కళ్లతో చూడండి. తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నని నల్లగీత ఉందేమో వెలుతురులో తిప్పి చూడండి. కరెంట్ ప్లగ్గు లోపలికి పోకుండా బయటనుంచే జారిపోయిన దారి అది. అదే గీత లీడ్ కొసనున్న రబ్బరు టోపీ లోపల కూడా ఉంటుంది. పాత టోపీలో కొత్త ప్లగ్గు పెడితే కొన్నాళ్లకే కొత్త ప్లగ్గు మీద కూడా గీత పడుతుంది. మీకు ప్లగ్గులు మార్చినా తేడా రాకపోవడానికి ఇది చాలు. ప్లగ్గు కొన లేత గోధుమ రంగులో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉంది. పొడి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ, తడిగా పెట్రోల్ వాసన వస్తుంటే కాలడం లేదు, తెల్లగా మాడినట్టుంటే పెట్రోల్ చాలడం లేదు. నాలుగింటినీ సిలిండర్ వరుసలో కాగితం మీద పేర్చి ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. ఒక్కటే వేరుగా ఉంటే తప్పు ఆ సిలిండర్‌ది. నాలుగూ ఒకేలా తెల్లబడితే అందరికీ పెట్రోల్ పంచే చోట, అంటే పంపు వైపు చూడాలి. ఒకటీ నాలుగూ జంటగా, లేదా రెండూ మూడూ జంటగా చెడి ఉంటే కాయిల్‌ను అనుమానించండి. ఇలాంటి ఇంజిన్లలో ఒక కాయిల్ రెండు సిలిండర్లకు నిప్పు ఇస్తుంది.

ఏ సిలిండర్ పని చేయడం లేదో పట్టుకోవడానికి కొందరు ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైరు పీకుతారు. మీ బండి మీద అది చేయనివ్వకండి. అలా పీకితే కాయిల్ దెబ్బతింటుంది, కాలని పెట్రోల్ మళ్లీ కన్వర్టర్‌లోకే పోతుంది. దాని బదులు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా తీసి పెట్టమనండి. అప్పుడు ఆ సిలిండర్‌కు పెట్రోలే పోదు. తీయగానే ఇంజిన్ తడబడితే ఆ సిలిండర్ పని చేస్తోంది. తీసినా తేడా లేకపోతే అది ముందునుంచే పని చేయడం లేదు.

చెక్ ఇంజిన్ లైట్ వచ్చి పోయిందంటే ఈసీయూలో కోడ్ మిగిలి ఉండే అవకాశం ఉంది. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్ మీ 2008 మోడల్‌కు కనెక్ట్ కాకపోవచ్చు. మన దేశంలో బండి తన లోపాలను తానే కనిపెట్టి నమోదు చేసే ఓబీడీ పద్ధతి నిబంధనలు 2010 నుంచి దశలవారీగా వచ్చాయి. హ్యుందాయ్ పాత మోడళ్లను చదివే స్కానర్ ఉన్న గ్యారేజీకి వెళ్లండి. కోడ్ చదివి, రాసుకుని, ఆ తర్వాతే చెరిపేయమనండి. ఒక్క సంగతి: ఆక్సిజన్ సెన్సార్ కోడ్ వచ్చిందంటే సెన్సార్ పోయిందని వెంటనే అర్థం కాదు. పైన చెప్పాను కదా, అది ఉన్నదే చెప్పి ఉండొచ్చు. బ్యాటరీ తీస్తే కోడ్లు పోతాయి కాబట్టి స్కాన్ అయ్యేదాకా బ్యాటరీ తీయనివ్వకండి.

గాలి లీకులు, ఎంత తొక్కారో ఈసీయూకు చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ కూడా యాక్సిలరేటర్ తొక్కగానే వచ్చే కుదుపుకు కారణం కావచ్చు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మీదున్న రబ్బరు గొట్టాలను వేలితో వంచి చూస్తే పగుళ్లు తెలుస్తాయి. సెన్సార్‌కు మల్టీమీటర్ పెట్టి, ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, యాక్సిలరేటర్ నిదానంగా తొక్కితే వోల్టేజ్ ఎక్కడా తెగకుండా పెరగాలి. మధ్యలో ఒక చోట టక్కున పడి లేస్తే అదే తప్పు. థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారన్నారు కాబట్టి ఆ పని తర్వాత కనెక్టర్ సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూడమనండి.

ఇక పంపు సంగతి. ఐడిల్‌లో, ఊళ్లో తిరిగేటప్పుడు ఇంజిన్‌కు కావలసిన పెట్రోల్ చాలా తక్కువ, నీరసించిన పంపు కూడా దాన్ని ఇచ్చేస్తుంది. ఘాట్‌లోనే చేతులెత్తేస్తుంది. అందుకే గ్యారేజీ ముందు నిలబెట్టి చూస్తే పంపు జబ్బు బయటపడదు. ఫ్యూయల్ లైన్‌లో గేజ్ కలిపి, లోడ్ మీద ప్రెషర్ చూడాలి. ఇంజెక్టర్లున్న (ఎంపీఎఫ్ఐ) చాలా పెట్రోల్ కార్లలో 3 బార్‌కు అటూ ఇటూ ఉంటుంది. మీ మోడల్‌కు కచ్చితంగా ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో చూసి చెప్పమనండి. ఐడిల్‌లో ఎంతుంది, తొక్కినప్పుడు పడిపోతోందా, బండి బాగా వేడెక్కాక ఎంత చూపిస్తోంది అన్నవి ముఖ్యం. ఇది రోడ్డు పక్కన చేసే పని కాదు. లైన్‌లో ప్రెషర్‌తో పెట్రోల్ ఉంటుంది. ముందు పంపు ఫ్యూజ్ తీసి, ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడిపి ప్రెషర్ దింపాలి. దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు. మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని చేసేవాళ్ల చేతే చేయించండి.

ప్రెషర్ తక్కువని తేలినా వెంటనే పంపు కొనకండి. వెనక సీటు ఎత్తితే పంపు కనెక్టర్ అందుతుంది. ఇంజిన్ నడుస్తుండగా, కనెక్టర్ పెట్టి ఉండగానే, అక్కడ వోల్టేజ్ కొలవాలి. బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దరిదాపుల్లో ఉండి పంపు దగ్గర 12 కంటే తక్కువ చూపిస్తే కరెంట్ దారిలో పోతోంది. మా షెడ్డుకు వచ్చిన ఒక పాత హ్యాచ్‌బ్యాక్‌కు అంతకుముందే రెండు కొత్త పంపులు వేశారు. అయినా అదే తంతు. చివరికి దొరికింది బాడీకి బిగించిన ఎర్త్ వైరు. దాని బోల్టు కింద తుప్పు పట్టి ఉంది. గీకి, శుభ్రం చేసి బిగించగానే ప్రెషర్ నిలబడింది. మంచి పంపుకైనా చాలినంత కరెంట్ అందకపోతే ప్రెషర్ ఎక్కడి నుంచి వస్తుంది? వోల్టేజ్ బాగుండి ప్రెషర్ పడుతుంటే పంపు యూనిట్ బయటికి తీసి, ముందు కింద ఉండే జాలీ చూడండి. ట్యాంకులో చేరిన మట్టి, తుప్పు దానికి అట్టకట్టి ఉండొచ్చు. అప్పుడు ట్యాంక్ కడగకుండా కొత్త పంపు వేస్తే దాని గతీ అంతే. మీకు ఎప్పుడూ రిజర్వ్‌లో తిప్పే అలవాటుంటే మానుకోండి, చుట్టూ పెట్రోల్ ఉంటేనే పంపు చల్లగా ఉంటుంది.

మీ స్నేహితుడి మాటలో కొంత నిజముంది, కానీ లెక్క వేసి చూద్దాం. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోల్‌తో పోలిస్తే సుమారు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే ఏమీ కలపని పెట్రోల్ కంటే మొత్తం మీద 6, 7 శాతం తక్కువ శక్తి వస్తుంది. ఇంతకుముందు దొరికిన 10 శాతం మిశ్రమంతో పోలిస్తే తేడా అందులో సగమే. మీ మైలేజ్ 16 నుంచి 12కి పడింది, అంటే 25 శాతం. మొత్తం నింద ఇథనాల్ మీద వేస్తే అసలు జబ్బు బండిలోనే ఉండిపోతుంది. అయితే 2008 బండి తయారైనప్పుడు ఈ మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకోలేదన్నది నిజం. ఇథనాల్ కలిస్తే అదే పనికి ఇంజిన్‌కు ఎక్కువ పెట్రోల్ పోయాలి, కాబట్టి అప్పటికే అంచున ఉన్న పంపు లోటు ముందుగా బయటపడుతుంది. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు ఉబ్బడం, మెత్తబడటం ఉంటాయి. ఫ్యూయల్ గొట్టాలను ఎలాగూ చూస్తారు కాబట్టి వేలితో నొక్కితే జిగురుగా ఉన్నవి, చిట్లినవి ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చించండి. ఇంకొకటి, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకులోకి ఎక్కువ నీరు చేరితే ఇథనాల్, నీరు కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి, పంపు పీల్చేది అడుగునుంచే. వర్షాల్లో కారును నెలల తరబడి కదపకుండా ఉంచి ఉంటే, ట్యాంకు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీయించి కాసేపు కదలకుండా పెట్టి చూడండి. అడుగున గీత గీసినట్టు వేరే పొర కనిపిస్తే ట్యాంక్ ఖాళీ చేయించాల్సిందే.

కన్వర్టర్‌ను పరీక్షించడం మీరనుకున్నంత కష్టం కాదు, ఖర్చూ ఎక్కువ కాదు. ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌కు వ్యాక్యూమ్ గేజ్ పెడితే బాగున్న ఇంజిన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య ముల్లు నిలకడగా చూపిస్తుంది. ఇంజిన్‌ను 2500, 3000 ఆర్‌పీఎం మధ్య కొద్దిసేపు అలాగే పట్టి ఉంచాలి. మొదట్లో బాగానే ఉన్న ముల్లు ఆ తర్వాత నిదానంగా కిందికి జారుతూ పోతే ఎగ్జాస్ట్ మూసుకుపోయింది. ఇంకా నమ్మకంగా కావాలంటే కన్వర్టర్ ముందున్న ఆక్సిజన్ సెన్సార్ తీసి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించి చూస్తారు. ఐడిల్‌లో 1 పీఎస్‌ఐ చుట్టుపక్కల, 2500 ఆర్‌పీఎం దగ్గర 3 లోపు ఉండాలి. 5, 6 చూపిస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు. బండి చల్లారాక రబ్బరు సుత్తితో కన్వర్టర్‌ను మెల్లగా తట్టండి. లోపల గులకరాళ్ల చప్పుడు వస్తే దిమ్మ పగిలిపోయింది. అలా పగిలిన ముక్క అటూ ఇటూ కదులుతూ దారికి అడ్డం పడుతూ, తొలగుతూ ఉంటుంది కాబట్టి బండి ఒకరోజు బాగా లాగి, ఇంకోరోజు లాగకపోవడం కూడా ఉంటుంది.

కన్వర్టరే మూసుకుపోయిందని తేలితే, దాన్ని పొడిచి ఖాళీ చేసి పెట్టేస్తామని మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఒప్పుకోకండి. మీ పొల్యూషన్ సర్టిఫికెట్, రేపు ఫిట్‌నెస్ రెండూ ఇబ్బందిలో పడతాయి. ఆ పొగ పీల్చేది మన పిల్లలే. ఇంకో హెచ్చరిక: కన్వర్టర్ లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి. పాతదానికి మార్కెట్లో మంచి గిరాకీ ఉంది. తీసినదాన్ని మీకే ఇవ్వమనండి, లేదా దాని ధర బిల్లులో తగ్గించమనండి. అన్నిటికంటే ముఖ్యం, మిస్సింగ్ ఆపకుండా కొత్త కన్వర్టర్ వేస్తే అదీ కరుగుతుంది. ముందు హెచ్‌టీ లీడ్స్, కాయిల్ తేలాలి, ఆ తర్వాతే కన్వర్టర్.

బోర్ వర్క్ మాటకొస్తే, మీరు రాసిన వివరాలు దానికి వ్యతిరేకంగా ఉన్నాయి. పిస్టన్ రింగులు, బోర్ అరిగితే ఆయిల్ తగ్గాలి, నీలం పొగ రావాలి. మీకు రెండూ లేవు. అయినా మాటల మీద తేల్చడం ఎందుకు, కంప్రెషన్ తీయించండి. నాలుగు ప్లగ్గులూ తీసేసి, పంపు ఫ్యూజ్, కాయిల్ కనెక్టర్ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, బ్యాటరీ నిండుగా ఉండగా ఒక్కో సిలిండర్ చూడాలి. యాక్సిలరేటర్ తొక్కకుండా తీస్తే అంకె తప్పుగా తక్కువ వస్తుంది. దాన్ని చూపించి ఇంజిన్ దింపేసిన సందర్భాలున్నాయి. అన్నీ 150 పీఎస్‌ఐ పైన, ఒకదానికొకటి పది పదిహేను శాతం లోపు తేడాతో వస్తే మీ ఇంజిన్ బాగున్నట్టే. ఒకటి బాగా తక్కువ వస్తే ఆ రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. వాల్వుల పని ఇంజిన్ పైభాగమైన హెడ్ వరకే, దానికి బోర్ చేయనక్కర్లేదు.

నాలుగూ సమానంగా తక్కువ వస్తే, వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ బెల్ట్ ఒక పన్ను జారిందేమో చూడాలి. మీ ఇంజిన్‌లో ఉండేది చైన్ కాదు, బెల్ట్. అది ఎప్పుడు మార్చారో మీ ఉత్తరంలో లేదు. బిల్లు దొరక్కపోయినా, గుర్తు రాకపోయినా, ఈ సమస్యతో సంబంధం లేకుండా ఇప్పుడే మార్చించేయండి. రోడ్డు మీద అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు నిజంగానే పెద్ద ఖర్చు.

గ్యారేజీకి వెళ్లినప్పుడు బండి బాగు చేయమని చెప్పకండి. లీడ్స్, కాయిల్ పరీక్ష, ఫ్యూయల్ ప్రెషర్, ఎగ్జాస్ట్ బ్యాక్ ప్రెషర్, కంప్రెషన్ చూసి అంకెలు కాగితం మీద రాసివ్వమనండి. దానికి కూలి ఎంతో ముందే మాట్లాడుకుని సంతోషంగా ఇవ్వండి. పరీక్షకు డబ్బు ఇవ్వడానికి మనవాళ్లు వెనకాడతారు, పార్టుకైతే ఇస్తారు. మెకానిక్కులు పార్టులు మార్చడం వైపు మొగ్గడానికి అది కూడా ఒక కారణం. పూట పనికి కూలి ఇచ్చి నాలుగు అంకెలు తెచ్చుకోవడం అనవసరమైన పంపు కొనడం కంటే చవక. హెచ్‌టీ లీడ్స్ మాత్రం ఎప్పుడూ మార్చి ఉండకపోతే పరీక్షలో బాగానే ఉన్నా మార్చేయండి. పదిహేడేళ్లు దాటిన రబ్బరు అది, పెద్ద ఖరీదు కాదు. నాసిరకం కాకుండా అసలు రకమే చూసి తీసుకోండి.

అమ్మడం గురించి. ఈ స్థితిలో అమ్మితే కొనేవాడు కూడా బోర్ అనే బెదిరిస్తాడు, ధర సగానికి దించేస్తాడు. లీడ్స్, కాయిల్, కన్వర్టర్, క్లచ్ ఇవన్నీ మార్చగలిగినవే, విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి. 2028 దాకా ఆర్సీ ఉంది. కింద ఛాసిస్‌కు, డోర్ల అంచులకు తుప్పు తినేసి ఉంటేనో, కంప్రెషన్ నిజంగా పోయి ఉంటేనో అమ్మే మాట ఆలోచించండి. అవి బాగుంటే ఈ బండి మీ దగ్గర ఉండటమే మేలని నా అభిప్రాయం.

ఇదంతా తేలేదాకా ఘాట్ ప్రయాణాలు పెట్టుకోకండి. ఎదురుగా లారీ వస్తున్నప్పుడు ఓవర్‌టేక్‌కు తొక్కితే బండి అందుకోకపోవడం ప్రాణాల మీదికి వస్తుంది. చెక్ ఇంజిన్ లైట్ ఆరుతూ వెలుగుతూ ఉంటే యాక్సిలరేటర్ మీద కాలు తీసి, వీలైనంత త్వరగా పక్కకు ఆపండి. కన్వర్టర్ ఎర్రగా కాలిపోతూ ఉండొచ్చు కాబట్టి ఎండుగడ్డి, ఆకుల కుప్పల మీద ఆపకండి. పరీక్షలయ్యాక నాలుగు కంప్రెషన్ అంకెలు, ఫ్యూయల్ ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు ఎంత, వేడి మీద ఎంత, ప్లగ్గుల ఫొటో నాకు పంపండి. అవి చూసి పంపు అవసరమో కాదో చెబుతాను.